ఆరుబయట పోర్సిలిన్ టైల్స్: సందుల్లో ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

ఇంటి పని – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా డాబా మీద కిందటేడు వేసవిలో రెండడుగుల పోర్సిలిన్ టైల్స్ వేయించాం. డాబా 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. టైల్‌కీ టైల్‌కీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు వదిలి వైట్ సిమెంట్ పెట్టారు. ఒక్క వానాకాలం దాటేసరికి అది పెళ్లలుగా ఊడిపోయింది. ఈ ఏప్రిల్‌లో పిట్టగోడ పక్కన రెండు టైల్స్ పైకి లేచాయి. ఎపాక్సీ అనే రసాయన మిశ్రమం సందుల్లో పెడితే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే వద్దండి. టైల్స్ పైకి లేచాయంటే లోపం సందులో పెట్టిన సరుకు ఒక్కదానిదే కాదు. దాన్ని సరిచేయకుండా ఎంత ఖరీదైన గ్రౌట్ (సందుల్లో నింపే మిశ్రమం) పెట్టినా మళ్లీ ఊడుతుంది.

ముందు వైట్ సిమెంట్ సంగతి. పోర్సిలిన్ టైల్ పీల్చే నీరు దాని బరువులో అర శాతానికి మించదు. మామూలు సిరామిక్ టైల్ అంచయితే సిమెంట్ పాలను కాస్త పీల్చుకుని పట్టుకుంటుంది. పోర్సిలిన్ అంచుకి ఆ గుణం లేదు. వైట్ సిమెంట్‌లో పట్టునిచ్చే పాలిమర్ జిగురు ఉండదు, సన్న ఇసుకా ఉండదు. నీళ్లు కలిపి పూసింది ఆరుతూ కుంచించుకుపోయి, అంచు నుంచి వెంట్రుకవాసి విడిపోతుంది. ఆ గీతలోంచి వాన నీరు దిగి, ఎండకి వేడెక్కి, కింది నుంచి పెళ్లను వదులు చేస్తుంది. గదుల్లో ఏళ్ల తరబడి నిలిచే పని డాబా మీద ఒక్క కారుకే పోయేది అందుకే.

ఇక టైల్స్ ఎందుకు లేచాయో చూద్దాం. మీ ఊళ్లో మే నెల మూడు గంటల ఎండకి ముదురు రంగు టైల్ 60 డిగ్రీలు దాటుతుంది. సాయంత్రం గాలివాన పడితే గంటలో పాతిక, ముప్ఫైకి పడిపోతుంది. పోర్సిలిన్ ప్రతి డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో ఏడు వంతులు పెరుగుతుంది. 20 అడుగులంటే ఆరు మీటర్లు. 35 డిగ్రీల తేడాకి ఆ వరుస మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. తక్కువేనని అనిపించవచ్చు గానీ, రెండు వైపులా పిట్టగోడకి బిగించి సిమెంట్ పెట్టేస్తే అంత పెరుగుదలకీ చోటు ఉండదు. అప్పుడు పట్టు తక్కువున్న టైల్ పైకి లేస్తుంది.

కాబట్టి మొదట డాబా అంతా తాపీ పిడితో తట్టి చూడండి. గట్టిగా పట్టుకున్న టైల్ నిండుగా పలుకుతుంది, పట్టు వదిలింది గుల్లగా మోగుతుంది. గుల్లగా మోగినవాటికి సుద్దతో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. నాలుగో వంతుకి మించితే గ్రౌట్ ఆలోచన మానేసి టైల్స్ తీసి మళ్లీ వేయించడమే మేలు. ఒక టైల్ లేపి వెనక చూడండి. మాలు ముద్దలు ముద్దలుగా అక్కడక్కడే అంటి ఉంటే, ముద్దల మధ్య ఖాళీల్లో నీళ్లు నిలుస్తున్నాయన్నమాట. ఆరుబయట టైల్ వెనక భాగం 95 శాతమైనా అంటి ఉండాలి. దువ్వెన తాపీతో టైల్ అంటించే గమ్‌ను కింద గీసి, టైల్ వెనక కూడా పల్చగా పూసి వేస్తేనే అది సాధ్యం.

గుల్లలు తక్కువుంటే ఇలా చేయండి. పిట్టగోడ చుట్టూ టైల్‌కీ గోడకీ మధ్య 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ కోయించండి. మధ్యలో కూడా 8 నుంచి 10 అడుగులకి ఒక సందు చొప్పున రెండు దిక్కులా అంతే వెడల్పున తెరిపించండి. వీటిలో గ్రౌట్ పెట్టకూడదు. 8 మిల్లీమీటర్ల సందుకి 10 మిల్లీమీటర్ల ఫోమ్ రాడ్ నొక్కి, దాని మీద రబ్బరులా సాగే పాలీయురెథేన్ సీలెంట్ నింపాలి. సీలెంట్ మందం సందు వెడల్పులో సగం, కనీసం 6 మిల్లీమీటర్లు. రాడ్‌కి లోతు చాలకపోతే అడుగున ప్లాస్టిక్ టేపు అంటించండి. సీలెంట్ రెండు పక్కలకే పట్టుకోవాలి, అడుగుకి అంటితే సాగలేక చిరుగుతుంది. కోసేటప్పుడు గ్రైండర్ బ్లేడు లోతును కట్టడి చేయమని మేస్త్రికి గట్టిగా చెప్పండి. కింద వాటర్‌ప్రూఫింగ్ పొర తెగితే ఇంతకంటే పెద్ద ఖర్చు నెత్తిన పడుతుంది.

మిగతా సందుల్లో పాత వైట్ సిమెంట్‌ని టైల్ మందంలో మూడింట రెండు వంతుల లోతు దాకా తీయించండి. పైపైన గీకి దాని మీదే కొత్తది పూస్తే రెండు నెలలు కూడా నిలవదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల సందును గ్రైండర్‌తో వెడల్పు చేయిస్తే అంచులు పెచ్చులూడతాయి. ఉన్న వెడల్పుకే సరిపోయే సన్న రకం, పాలిమర్ కలిసిన సిమెంట్ గ్రౌట్ తీసుకోండి. సంచి మీద సీజీ2, దాని పక్కన డబ్ల్యూ అన్న అక్షరం ఉందేమో చూడండి. డబ్ల్యూ అంటే నీటిని తక్కువ పీల్చే రకమని. డాబా మొత్తం తీసి మళ్లీ వేయించాల్సి వస్తే మాత్రం టైల్స్ మధ్య 5 మిల్లీమీటర్ల స్పేసర్లు (సందు సమంగా ఉంచే ప్లాస్టిక్ ముక్కలు) పెట్టించండి. ఆరుబయట 3 మిల్లీమీటర్లకి తగ్గడం నాకు సమ్మతం కాదు.

పెట్టే రోజు ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టండి, లేదా సాయంత్రం నీడ పడ్డాక. చెయ్యి ఆనించలేనంత వేడి టైల్ మీద గ్రౌట్‌లోని నీరు నిమిషాల్లో ఆవిరవుతుంది, సిమెంట్ గట్టిపడడానికి నీరే మిగలదు. అలా పెట్టింది గోటితో గీస్తే పొడిగా రాలుతుంది. నీళ్లు ప్యాకెట్ మీద ఎంత రాస్తే అంతే, కొలిచి పోయండి. పని తేలిగ్గా సాగాలని మేస్త్రులు అదనంగా పోసే గ్లాసెడు నీళ్లే పగుళ్లకీ, రంగు మచ్చలకీ మూలం. కలిపాక గారెల పిండిలా నిలవాలి, దోసెల పిండిలా జారకూడదు. అయిదు నిమిషాలు వదిలి మళ్లీ కలిపి వాడండి. బిగుసుకోవడం మొదలైన సరుకులో నీళ్లు పోసి మళ్లీ కలపనివ్వద్దు.

రబ్బరు ఫ్లోట్‌ను (రబ్బరు అడుగున్న తాపీని) సందుకి ఏటవాలుగా నడుపుతూ అడుగు దాకా నొక్కాలి. సందు వెంటే నడిపితే అంచు లోపలికి దిగి గ్రౌట్‌ను తోడేస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలకి వేలితో తాకితే అంటనప్పుడు, గట్టిగా పిండిన స్పాంజితో తుడవండి. స్పాంజి నుంచి నీళ్లు కారితే సందు పైపొరలో సిమెంట్ కడుక్కుపోతుంది. బకెట్‌లో నీళ్లు తరచూ మార్చండి. 24 గంటలు వాన తగలకుండా కప్పి, ఆ తర్వాత మూడు రోజులు పొద్దునా సాయంత్రం పల్చగా నీళ్లు చిలకరించండి.

ఒక మాట మాత్రం మరవద్దు. గ్రౌట్ వాటర్‌ప్రూఫింగ్ కాదు. డాబాకి అడుగుకి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు వాటం లేకపోతే నీరు సందుల మీదే నిలుస్తుంది.

ప్రశ్న: ఇంటి ముందు 400 చదరపు అడుగులకి 5 మిల్లీమీటర్ల సందుతో రెండడుగుల టైల్స్ వేయిస్తున్నాం. కాంట్రాక్టర్ 25 కిలోల గ్రౌట్ అడుగుతున్నాడు. అంత పడుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: టైల్ మందం మీద ఉంటుంది. కొలతలన్నీ మిల్లీమీటర్లలో తీసుకోండి. టైల్ పొడవు, వెడల్పు కూడి, వాటి లబ్ధంతో భాగించండి. దాన్ని సందు వెడల్పుతో, టైల్ మందంతో, ఆపై 1.6తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 600 మిల్లీమీటర్ల చదరపు టైల్, 10 మిల్లీమీటర్ల మందమైతే 0.27 కిలోలు. 400 చదరపు అడుగులంటే 37 చదరపు మీటర్లు, కాబట్టి దాదాపు 10 కిలోలు. వృథా కలుపుకుని 12 కిలోలు చాలు. 20 మిల్లీమీటర్ల మందపు టైల్ అయితే మీ కాంట్రాక్టర్ లెక్కే సరైనది. ప్యాకెట్లన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, లేకపోతే రంగులో తేడా కనబడుతుంది.

ప్రశ్న: సముద్రానికి దగ్గర మా ఫ్లాట్. తెరిచి ఉన్న బాల్కనీకి ఎపాక్సీ గ్రౌట్ పెట్టమని షాపువాళ్లు చెబుతున్నారు. ఉప్పుగాలికి సిమెంట్ గ్రౌట్ నిలవదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిలుస్తుంది. ఉప్పుగాలి దెబ్బతీసేది స్లాబులోని ఇనుమును, దానికి రక్షణ టైల్స్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర. ఎపాక్సీ నీళ్లు పీల్చదు, మరకలు పట్టదు. వంటగది గట్టుకీ, అంట్లు తోమే చోటుకీ దానికి సాటి లేదు. కానీ మామూలు ఎపాక్సీ ఎండ తగిలేచోట పసుపెక్కుతుంది, తెలుపూ దంతపు రంగూ అయితే మరీ త్వరగా. ఎండకి రంగు మారదని డబ్బా మీద స్పష్టంగా ఉంటేనే బాల్కనీకి తీసుకోండి, అప్పుడు కూడా బూడిద రంగు ఎంచుకోండి. ఎపాక్సీ పెట్టినా గోడ పక్కన సీలెంట్ సందు తప్పదు.

పెట్టిస్తే, రెజిన్, హార్డెనర్, పొడి మూడింటినీ కిట్‌లో ఉన్నంతా ఒకేసారి కలపాలి. సగం సగం అంచనాగా కలిపితే కొన్నిచోట్ల ఎప్పటికీ గట్టిపడదు. చిన్న కిట్‌లే కొనండి, ఎండాకాలంలో చేతిలో ఉండగానే బిగుసుకుంటుంది. పెట్టిన పావుగంటలోపే తడి స్క్రబ్ ప్యాడ్‌తో తుడవాలి. మర్నాటికి టైల్ మీద మిగిలిన జిగురు పొర ఎంత రుద్దినా వదలదు.

ప్రశ్న: రోజూ వాకిట్లో కళ్లాపి, ముగ్గు, పండగలకి పసుపు కుంకుమ. లేత రంగు సందులు నల్లబడ్డాయి. యాసిడ్‌తో కడిగితే శుభ్రమయ్యాయి గానీ ఇప్పుడు సందుల్లో ఇసుక రాలుతోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ యాసిడ్ వల్లేనమ్మా. బాత్‌రూమ్ యాసిడ్ మురికితో పాటు గ్రౌట్‌లోని సిమెంట్‌నీ కరిగించింది. ఇక ముట్టుకోవద్దు. రాలుతున్న చోట్ల తీసి మళ్లీ నింపించండి. ఈసారి ముదురు బూడిద రంగో మట్టి రంగో పెట్టించండి, కళ్లాపి రంగు అందులో కలిసిపోతుంది. రోజువారీకి మామూలు సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్ చాలు. పసుపు మరకకి కంగారు పడొద్దు. ఎండ తగిలే వాకిట్లో కొన్ని రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. కుంకుమ మాత్రం తడిలో ఉండగానే తుడవాలి.

ప్రశ్న: మా ఇంటి వెనక 20 మిల్లీమీటర్ల పోర్సిలిన్ పలకలతో పేటియో (పలకలు పరిచిన ఆరుబయలు) వేయించాం. చీపురుతో నెట్టే రకం జాయింటింగ్ మిశ్రమం పెట్టారు. చలికాలం దాటేసరికి అంగుళాలకి అంగుళాలు ఊడి వస్తోంది.
– ఒక పాఠకుడు, రెడింగ్, ఇంగ్లండ్

జవాబు: గాలి తగిలి గట్టిపడే ఆ రెజిన్ మిశ్రమానికి సందులో లోతు కావాలి. పలకలు పరిచేటప్పుడు కింది మాలు సందులోకి పొంగుకొస్తుంది. దాన్ని అప్పుడే తీయకపోతే మిశ్రమానికి మిగిలేది 8, 10 మిల్లీమీటర్లే. అందులో చేరిన నీరు గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ముక్కలు ముక్కలుగా పైకి నెడుతుంది. తెలుగునాట లేని బెడద ఇది.

ఊడినవి తీసి, సన్న ఉలితో కింది మాలును కూడా గీకి పూర్తి లోతు తెప్పించండి. పలక అటూ ఇటూ కదిలితే ముందు దాన్ని ఎత్తి, వెనక సిమెంట్, పాలిమర్ కలిసిన ప్రైమర్ స్లరీ పూసి మళ్లీ పరిపించాలి. ఆ పూత లేకపోతే పోర్సిలిన్ మాలుకి అంటదు. తర్వాత పోర్సిలిన్‌కి పనికొస్తుందని రాసి ఉన్న రెండు డబ్బాల ఎపాక్సీ రకం గానీ, ఆరుబయటి సిమెంట్ గ్రౌట్ గానీ వాడండి. చీపురు రకం ఎపాక్సీ అయితే పలకల్ని మొదటి నుంచి చివరి దాకా తడిగానే ఉంచండి, పొడిబారితే పైన జిగురు మచ్చ మిగులుతుంది. సిమెంట్ రకానికి ఆ రోజూ ఆ రాత్రీ కూడా 5 డిగ్రీలకి తగ్గకూడదు, కాబట్టి ఏప్రిల్ దాటాక పెట్టుకోండి. వాటం ఎనభైకి ఒకటి, ఇంటి గోడ నుంచి బయటికి. మూడు మీటర్ల పేటియోకి అది నాలుగు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. బకెట్ నీళ్లు గోడ పక్కన పోసి చూడండి, ఎక్కడ నిలిస్తే ఆ పలకలనే ముందు ఎత్తించండి.