తీసేసిన ఫుట్‌బాల్ మేనేజర్‌నే మళ్లీ ఎందుకు తెచ్చుకుంటారు?

"మాంచెస్టర్ యునైటెడ్ పీకేసింది, సండర్‌ల్యాండ్‌ను ఆఖరి స్థానంతో ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి దింపాడు, అయినా డేవిడ్ మోయ్స్‌కి మళ్లీ మళ్లీ ఉద్యోగం ఎలా దొరుకుతుంది? వీళ్లందరూ ఏమైనా చుట్టాలా?" అని మీరు అడిగారు. ఫుట్‌బాల్‌లో మేనేజర్ అంటే జట్టు హెడ్ కోచే. ప్రీమియర్ లీగ్ ఇంగ్లండ్‌లో టాప్ లీగ్, అందులోని ఇరవై జట్లలో ఆఖరి మూడూ ఏటా కింది లీగ్‌కి జారిపోతాయి. చుట్టరికమేమీ లేదండి. మేనేజర్ టెన్షన్ టీవీలో అందరికీ కనిపిస్తుంది, అతన్ని పెట్టుకునేవాడి టెన్షన్ ఎవరికీ కనిపించదు. నా దృష్టిలో జవాబంతా ఆ రెండో టెన్షన్‌లోనే ఉంది.

సికింద్రాబాద్‌లో ఒక చిన్న క్లబ్ కమిటీలో కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. ఒక ఏడాది సీజన్ సగానికి వచ్చేసరికి వరుసగా ఓడిపోతున్నాం. పిల్లల తల్లిదండ్రులు వాట్సాప్ గ్రూపులో కోచ్‌ని ఏకిపారేస్తున్నారు. జెర్సీల ఖర్చు భరించిన స్పాన్సర్ నుంచి రోజూ సాయంత్రం ఫోన్. సరే, కోచ్‌ని మార్చేద్దామని కమిటీ తేల్చేసింది. అక్కడిదాకా అంతా తేలికే. ఎవరిని తెద్దామని ఇరానీ హోటల్లో కూర్చున్నాకే అసలు సంగతి బోధపడింది. బాగా పనిచేస్తారని పేరున్న కోచ్‌లందరూ ఏదో ఒక స్కూల్లోనో అకాడమీలోనో ఉన్నారు, విద్యాసంవత్సరం అయ్యేదాకా కదలరు. మరి ఖాళీగా ఎవరున్నారయ్యా అంటే, అంతకుముందు ఏదో ఒక క్లబ్ తీసేసినవాళ్లే! తెల్లారితే పెళ్లనగా వంటవాణ్ని వెతుక్కున్నట్టు ఉంటుంది ఆ పరిస్థితి. దొరికినవాడి పులిహోర ఎలా ఉంటుందో ఆరా తీసే తీరిక ఉండదు.

నేనొక కుర్ర కోచ్ పేరు చెప్పాను. లైసెన్స్ ఉంది, ఆట తెలుసు, జీతం కూడా తక్కువే. మా సెక్రటరీ గారు చాయ్ కప్పు పక్కన పెట్టి, "అతన్ని పెట్టి ఓడితే మనల్ని తిడతారు తమ్ముడూ, ఈ పెద్దాయన్ని పెట్టి ఓడితే ఆయన్ని తిడతారు" అన్నారు. అంతే, నిర్ణయం అయిపోయింది.

ఆ పెద్దాయన వచ్చీ రాగానే అడిగింది, సీజన్ అయ్యేదాకా జీతం ముందే ఇచ్చేస్తారా అని. ఎన్ని క్లబ్బులు తిరిగొచ్చారో ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది. మొదటి రోజు ప్రాక్టీసులో ఎవరినీ బంతి ముట్టుకోనివ్వలేదు. నలుగురు డిఫెండర్ల నడుములకు ఒకే తాడు కట్టి గంటసేపు అటూ ఇటూ నడిపించారు. ఒకడు పక్కకు జరిగితే మిగతా ముగ్గురూ జరగాల్సిందే. పిల్లలు పగలబడి నవ్వారు. కానీ ఆ తర్వాత మాకు మూడేసి, నాలుగేసి గోల్స్ పడటం ఆగిపోయింది. ఆట మాత్రం చూడబుద్ధయ్యేది కాదు, అన్నీ 0-0లు, 1-0లు. కమిటీకి అదే మహా ప్రసాదం.

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ, డబ్బు లెక్క మాత్రం వేరు. ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున ముగించిన క్లబ్‌కి కూడా లీగ్ నుంచి ఏడాదికి సుమారు 10 కోట్ల పౌండ్లు వస్తాయి. ఛాంపియన్‌షిప్ అనే రెండో స్థాయి లీగ్‌కి జారితే ఆ ఆదాయం ఒక్కసారిగా పడిపోతుంది. పారాచూట్ పేమెంట్స్ అని కొంతకాలం ఇస్తారు గానీ, ప్రీమియర్ లీగ్ స్థాయి జీతాలకు అవి ఏ మూలకూ చాలవు. కాబట్టి డిసెంబర్‌లో 18వ స్థానంలో కొట్టుమిట్టాడుతున్న ఓనర్ కళ్లకు ఆనేది ఒకటే: ఈ గండం ఇంతకుముందు దాటించినవాడు ఎవరు? శామ్ అలర్‌డైస్ 2015-16లో సండర్‌ల్యాండ్‌ను, ఆ మరుసటి సీజన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ను గట్టెక్కించారు. ఈ రెండు ఉద్యోగాల మధ్యలో ఇంగ్లండ్ జాతీయ జట్టు పదవి ఒకే ఒక్క మ్యాచ్‌కే, ఒక స్టింగ్ ఆపరేషన్ దెబ్బకు ఊడిపోయింది. అయినా ప్యాలెస్ వెనకాడలేదు. జాతీయ జట్టులో ఏం జరిగిందన్నది వాళ్లకు పట్టలేదు, డిఫెన్స్ సర్దగలడా లేదా అన్నదే పట్టింది.

ఇక మీరడిగిన మోయ్స్. ఎవర్టన్‌లో 2002 నుంచి 2013 దాకా ఉన్నారు. తక్కువ బడ్జెట్‌తో జట్టును లీగ్ పైసగంలో నిలబెట్టిన పేరది. 2013లో యునైటెడ్ ఏకంగా ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి, 2014 ఏప్రిల్‌లో, అంటే మొదటి సీజన్ కూడా పూర్తి కాకుండానే తీసేసింది. ఆ తర్వాత స్పెయిన్‌లో రియల్ సొసియెదాద్ కూడా ఏడాదికే తీసేసింది. తర్వాత సండర్‌ల్యాండ్ సంగతి మీరే చెప్పారు. 2017 నవంబర్‌లో వెస్ట్‌హామ్ ఆరు నెలలకు మాత్రం పిలిచింది. అప్పటికి ఆ జట్టు 18వ స్థానంలో ఉంటే 13వ స్థానానికి చేర్చారు. థాంక్స్ చెప్పి పంపించేసి, మాంచెస్టర్ సిటీతో టైటిల్ గెలిచిన పెల్లెగ్రినిని తెచ్చుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి మళ్లీ మునిగిపోయే స్థితి. 2019 డిసెంబర్ చివర్లో అదే ఓనర్లు అదే మోయ్స్‌కి మళ్లీ కబురు పెట్టారు. అభిమానులు తలలు బాదుకున్నారు. తీరా చూస్తే 2020-21లో ఆరో స్థానం, 2023 జూన్‌లో ప్రాగ్‌లో ఇటలీ జట్టు ఫియొరెంటీనాను 2-1తో ఓడించి, యూరప్ క్లబ్బుల మూడో స్థాయి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ కప్పు. 1980 తర్వాత ఆ క్లబ్‌కి దక్కిన మొదటి పెద్ద ట్రోఫీ అది. ఆ రాత్రి మోయ్స్ తన మెడల్ తీసి, 87 ఏళ్ల తండ్రి మెడలో వేశారు. ఆ సీజన్లోనే లీగ్‌లో జట్టు 14వ స్థానంలో ముగించింది, "మోయ్స్‌ని ఇంటికి పంపండి" అని గోల చేసినవాళ్లకూ కొదవ లేదు. 2025 జనవరిలో ఎవర్టన్ కూడా ఆయన్నే వెనక్కి తెచ్చుకుంది.

మరి అదే మనిషి ఒకచోట అసమర్థుడు, ఇంకోచోట మొనగాడు ఎలా అయ్యారు? జట్టు ఏ స్థానంలో ముగిస్తుందన్నది చాలావరకు ఆటగాళ్ల జీతాల బిల్లే నిర్ణయిస్తుంది. మేనేజర్ చేతిలో ఉన్నది ఆ పైన కొంతే. నెదర్లాండ్స్‌కు చెందిన ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ 1986 నుంచి 2004 దాకా డచ్ లీగ్‌ను పరిశీలించి తేల్చిందేమిటంటే, మేనేజర్‌ని తీసేసినందువల్ల ఫలితాలు ప్రత్యేకంగా మెరుగుపడలేదు. అలాంటి గడ్డుకాలంలోనే మేనేజర్‌ని ఉంచేసిన జట్లు కూడా అలాగే కోలుకున్నాయి. క్లబ్ డైరెక్టర్లకూ ఈ సంగతి లోలోపల తెలుసని నా అనుమానం. అందుకే "తీసేశారు" అన్న ముద్రను వాళ్లు మనలాగా సీరియస్‌గా తీసుకోరు.

మన హైదరాబాద్‌లోనే చూడండి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు కోచ్ ఫిల్ బ్రౌన్, ఒకప్పటి అలర్‌డైస్ అసిస్టెంట్. హల్ సిటీని 2008లో చరిత్రలో మొదటిసారి ఇంగ్లండ్ టాప్ డివిజన్‌కి తెచ్చింది ఆయనే. ఆ డిసెంబర్ 26న మాంచెస్టర్ సిటీ మీద 4-0 వెనకబడితే, హాఫ్‌టైమ్‌లో ఆటగాళ్లను డ్రెస్సింగ్ రూమ్‌కి కూడా పోనివ్వకుండా, మైదానం మీదే అభిమానుల ఎదురుగా కూర్చోబెట్టి క్లాసు పీకింది కూడా ఆయనే. గచ్చిబౌలిలో ఆ అనుభవం పనికిరాలేదు. మొదటి మ్యాచే కోల్‌కతాలో 5-0 ఓటమి, 2020 జనవరి నాటికి ఒకే ఒక్క గెలుపు, అక్కడితో ఆయన్ని పంపించేశారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన మనోలో మార్కెజ్ కూడా తెల్లకాగితమేమీ కాదు. 2017లో స్పెయిన్ టాప్ లీగ్ లా లిగాలో లాస్ పాల్మాస్ జట్టును సీజన్ మొదలైన కొద్ది వారాలకే వదిలేసిన మనిషి. ఆయనే 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ట్రోఫీ తెచ్చారు. ఇద్దరి బయోడేటాలు పక్కపక్కన పెట్టి ముందే చెప్పమంటే నేనైతే బ్రౌన్‌కే ఓటేసేవాణ్ని, ప్రీమియర్ లీగ్ పేరుంది కదా మరి.

కొత్తవాళ్లకు ఛాన్స్ ఇవ్వొచ్చు కదా అంటారా? ఇస్తారు, కానీ ఓపిక పట్టరు. 2017లో క్రిస్టల్ ప్యాలెస్ ఆటతీరే మారుస్తానన్న, ప్రీమియర్ లీగ్‌కి కొత్త అయిన డచ్ కోచ్ ఫ్రాంక్ డి బోర్‌ని తెచ్చి, లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లకే తీసేసింది. ఆ నాలుగింట్లో ఒక్క గోలూ లేదు. ఆయన స్థానంలో వచ్చింది 70 ఏళ్ల రాయ్ హాడ్జ్‌సన్, యూరో 2016లో ఐస్‌లాండ్ చేతిలో ఓడి ఇంగ్లండ్ జట్టును వదిలేసిన పెద్దాయన. ప్యాలెస్ 11వ స్థానంలో ముగించింది.

డబ్బు విషయం కూడా ఒక మాట. మధ్యలో తీసేస్తే కాంట్రాక్ట్ పరిహారం క్లబ్బే కట్టాలి. 2018లో తమ మేనేజర్ మొరీన్యోను, ఆయన సిబ్బందిని పంపించడానికి యునైటెడ్‌కి 1.96 కోట్ల పౌండ్లు అయింది. అందుకే ఈసారి ఏదైనా క్లబ్ పాత ముఖాన్ని తెచ్చుకుందని విన్నప్పుడు, ముందు కాంట్రాక్ట్ ఎన్నాళ్లకో చూడండి. మూడేళ్లయితే నిజంగానే నమ్మి తెచ్చుకున్నట్టు. ఈ సీజన్ వరకే అయితే గండం గడిస్తే చాలనుకున్నట్టు. 2023 మేలో లీడ్స్ యునైటెడ్ అయితే ఇంకా నాలుగే మ్యాచ్‌లుండగా అలర్‌డైస్‌ని పిలిచింది. ఒకే పాయింట్ వచ్చింది, జట్టు కిందికి జారింది, ఆయన ఇంటికెళ్లిపోయారు.