భూరాయితీయా, ఈనామా, జాగీరా?

సందేహం: 1830ల నాటి న్యూ సౌత్ వేల్స్ (ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ కాలనీ) చరిత్రను తెలుగు చేస్తున్నాను. ఆ కాలనీలో స్థిరపడదలచిన సైనికాధికారులకు ఇచ్చిన ‘ల్యాండ్ కన్సెషన్’ను జాగీరు అనాలా, ఈనాం అనాలా, భూరాయితీ అనాలా?

సమాధానం: ముందుగా జాగీరును పక్కన పెట్టండి. ఫారసీలో ‘జా’ అంటే చోటు, ‘గీర్’ అంటే పట్టేది. జాగీర్దారుకు దక్కేది శిస్తు వసూలు చేసుకునే హక్కు, అదీ కొలువు చేస్తున్నందుకు. న్యూ సౌత్ వేల్స్‌లో సంగతి తారుమారు. కొలువులో ఉన్న అధికారి తన కమిషన్‌ను, అంటే అధికారి పదవిని, అమ్ముకుని సైన్యం వదిలి వెళ్లాలి. భూమి మాత్రం సొంతమవుతుంది.

ఈనాం 1831కి ముందు కాలానికి కొంత నప్పుతుంది. అప్పట్లో భూమి ఉచితంగా మంజూరయ్యేది, దానిమీద ‘క్విట్‌రెంట్’ అనే స్వల్పమైన శిస్తు ఉండేది. మన ఈనాం భూములమీద వేసే ‘జోడి’ అలాంటిదే. ఎంత చక్కటి మాటో! కానీ నేటి పాఠకుడికి జోడి అంటే జంటే. అందుకని ‘నామమాత్రపు శిస్తు’ అనండి.

1831లో ఉచిత మంజూరు ఆగి వేలం వచ్చింది. ఎకరం కనీస ధర 5 షిల్లింగులు. అప్పటినుంచి అధికారికి ఇచ్చింది భూమి కాదు, కొన్న భూమి ధరలో తగ్గింపు. హోదానుబట్టి, సర్వీసునుబట్టి ఆ మొత్తం మారేది. 20 ఏళ్ల సర్వీసు నిండిన కెప్టెన్‌కు 200 పౌండ్లు. 7 ఏళ్ల సర్వీసు నిండని సబాల్టర్న్‌కు (కెప్టెన్ కంటే కింది హోదా అధికారికి) ఏమీ లేదు. 200 పౌండ్లంటే 4,000 షిల్లింగులు. కనీస ధరకే పాట ముగిస్తే 800 ఎకరాలు వస్తాయి. పాట 8 షిల్లింగులకు పోతే 500 ఎకరాలే. అంతకు మించి కావాలంటే చేతి డబ్బు పెట్టాలి. కనుక ‘కెప్టెన్‌కు 800 ఎకరాల ఈనాం ఇచ్చారు’ అని రాస్తే చరిత్రే తప్పిపోతుంది.

ఇక రాయితీ. ఇది అరబ్బీ ‘రియాయత్’. మన ‘రైతు’కు మూలమైన ‘రఅయ్యత్’దీ ఇదే ధాతువు, మేపడం, కనిపెట్టి చూసుకోవడం దాని అర్థం. రైతుకూ రాయితీకీ ఉన్న ఈ చుట్టరికం చాలామందికి తెలియదు. సొమ్ము తగ్గింపుకు రాయితీ చక్కగా సరిపోతుంది. భూరాయితీ అని సమాసం చేస్తేనే చిక్కు: భూమి ఇచ్చారా, ధర తగ్గించారా అన్నది తేలదు. సంస్కృత పదాన్ని అన్యదేశ్యంతో కలిపిన వైరిసమాసమన్న అభ్యంతరం నాకు లేదు, అర్థం మసకబారడమే అభ్యంతరం. ‘భూమి ధరలో రాయితీ’ అని విడదీసి రాయండి. తగ్గింపు అనే అర్థంలో రెవెన్యూ వాడుకలోని ‘వజా’ కూడా పనికొస్తుంది. ‘మాఫీ’ వద్దు, అంతా వదిలేశారనిపిస్తుంది.

‘కాలనీ’ని అలాగే ఉంచకండి. సైనికాధికారులు, కాలనీ అన్న మాటలు పక్కపక్కన పడితే మనవాళ్లకు సికింద్రాబాదు సైనిక్‌పురి ఇళ్లు తలపుకొస్తాయి. ‘వలసరాజ్యం’ అనండి.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘వలసరాజ్యంలో స్థిరపడదలచిన సైనికాధికారులకు, వారి హోదానూ సర్వీసునూ బట్టి, వేలంలో కొన్న భూమి ధరలో రాయితీ ఇచ్చేవారు.’