డల్హౌసీ: ఇంటిపేరా, ఊరిపేరా?

సందేహం: మా అబ్బాయి చరిత్ర పాఠంలో ‘లార్డ్ డల్హౌసీ’ అని ఉంది. ఒక పాత పుస్తకంలో ‘డల్హౌసీ ప్రభువు’ అనీ, మరోచోట ‘జేమ్స్ రామ్సే’ అనీ చదివాను. ఈ ముగ్గురూ ఒకరేనా? డల్హౌసీ ఆయన ఇంటిపేరా? ఆయనను ‘ఆంగ్లేయ జమీందారు’ అనవచ్చునా?

సమాధానం: ముగ్గురూ ఒకరే, 1848 నుంచి 1856 వరకు భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా ఉన్నాయన. ఇంటిపేరు రామ్సే. తల్లి పుట్టింటి పేరు కూడా కలిపి బ్రౌన్-రామ్సే అని రాస్తారు. (మన సి.పి. బ్రౌన్ పేరుతో దీన్ని కలపకండి, అక్షరక్రమమే వేరు.) డల్హౌసీ అనేది స్థలం పేరు. స్కాట్లాండులో ఎడింబరోకు దక్షిణాన, మిడ్లోథియన్ ప్రాంతంలో రామ్సే వంశం వారి కోట, భూములు ఉన్న చోటు అది.

చిక్కంతా సమాసాన్ని విడదీయడంలో ఉంది. ‘డల్హౌసీ ప్రభువు’ను ‘డల్హౌసీ అనే పేరుగల ప్రభువు’ అని విడదీస్తే, గంగానదిలా సంభావనా పూర్వపద కర్మధారయం అవుతుంది. చాలామంది చదివేది అలాగే. కాని అది ‘డల్హౌసీ యొక్క ప్రభువు’, షష్ఠీ తత్పురుషం. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ‘విజయనగరం రాజావారు’ అంటే విజయనగరం ఆయన ఇంటిపేరని ఏ తెలుగువాడూ అనుకోడు, ఇంటిపేరు పూసపాటి. ఆ పూసపాటి కూడా పూసపాడు అనే ఊరినుంచి ఔపవిభక్తిక రూపంలో (‘పాడు’ ‘పాటి’గా మారి) వచ్చిందే. ‘లార్డ్’ ముందుకు వచ్చి కూర్చునేసరికి మాత్రం వెనకున్నది పేరులా కనిపించి మోసం చేస్తుంది. అందుకే ‘డల్హౌసీ ప్రభువు’ అన్న పాత తెలుగు వాడుకే నాకు ఇష్టం. అర్థం అందులో సరిగ్గా నిలిచింది.

ఆయన జీవితంలో పేరు ఎన్నిసార్లు మారిందో చూడండి. 1812 ఏప్రిల్ 22న డల్హౌసీ కోటలో మూడో కొడుకుగా పుట్టినప్పుడు జేమ్స్ రామ్సే. అన్నలిద్దరూ పోవడంతో 1832లో వారసుడై ‘లార్డ్ రామ్సే’ అయ్యాడు. ఇది తండ్రి బతికుండగా వారసుడికి మర్యాదకోసం ఇచ్చే బిరుదు మాత్రమే. దీనితో ప్రభువుల సభలో చోటు రాదు. అందుకే 1835లో ఎడింబరోలో పోటీచేసి ఓడిపోయి, 1837లో హాడింగ్టన్‌షైర్ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడాది తండ్రి మరణించగానే పదో ఎర్ల్ ఆఫ్ డల్హౌసీగా ప్రభువుల సభకు మారాడు. బ్రిటిష్ ప్రధాని పీల్ ప్రభుత్వంలో వాణిజ్య మండలి అధ్యక్షుడిగా రైల్వేల వ్యవహారం చూశాడు. 1848 జనవరిలో, 35 ఏళ్ల వయసులో, ఇక్కడ గవర్నర్ జనరల్ పదవి చేపట్టాడు. పంజాబును కలుపుకొన్న 1849లోనే ఎర్ల్ కన్నా పై బిరుదైన మార్క్విస్ అయ్యాడు.

‘లార్డ్’ అంటే గవర్నర్ జనరల్ అనుకునేవారూ ఉన్నారు. అది పదవి కాదు. గవర్నర్ జనరల్ అయినా వారన్ హేస్టింగ్స్ లార్డ్ కాదు. ఇంకో సూక్ష్మం: విలియం బెంటింక్ ఒక డ్యూక్‌కు వారసుడు కాని కొడుకు. అలాంటివారికి మర్యాద బిరుదు సొంత పేరుతోనే చేరుతుంది. కనుక ‘లార్డ్ విలియం బెంటింక్’ సరైన రూపం, ‘లార్డ్ బెంటింక్’ కాదు. డల్హౌసీ విషయంలో దీనికి తలకిందులు: ‘లార్డ్ జేమ్స్ డల్హౌసీ’ అని రాయకూడదు.

‘ఆంగ్లేయ జమీందారు’లో రెండు మాటలూ తప్పే. ఆయన స్కాట్లాండువాడు, ‘బ్రిటిష్’ అనండి. జమీందారు సర్కారుకు పేష్కషు (కప్పం) కట్టే బాధ్యత గలవాడు, ఆ ఏర్పాటు వేరు. ‘భూస్వామి’ అనవచ్చు. ఎర్ల్, మార్క్విస్ అన్నవాటిని సామంతుడనో మండలేశ్వరుడనో మార్చకుండా అలాగే ఉంచడం మేలు.

ఊరిపేరే బిరుదు కావడంవల్ల మరో ప్రమాదం ఉంది. ఆ బిరుదు తండ్రిదీ అదే. తొమ్మిదో ఎర్ల్ అయిన ఆ తండ్రి 1830ల మొదట్లో ఇక్కడ సర్వసేనానిగా పనిచేశాడు. అప్పటి పత్రాల్లో ‘లార్డ్ డల్హౌసీ’ అని కనిపిస్తే ఆయనే. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయం తండ్రి పేరుమీదిది, హిమాచల్ ప్రదేశ్‌లోని డల్హౌసీ పట్టణం కొడుకు పేరుమీదిది. మామగారు ట్వీడ్‌డేల్ ప్రభువుకూ ఇదే సూత్రం. 1842 నుంచి 1848 వరకు ఆయన మద్రాసు గవర్నరు, అంటే కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆయన ఏలుబడిలోనివే. ఇంటిపేరు మాత్రం హే.

మగ వారసుడు లేని సంస్థానాన్ని కంపెనీ కలుపుకొనే రాజ్యసంక్రమణ సిద్ధాంతంతో సతారా, ఝాన్సీ, నాగపూర్ సంస్థానాల దత్తత హక్కులను కాదన్న ఈయనకు మగసంతానం లేదు, ఇద్దరూ కుమార్తెలే. 1860 డిసెంబరు 19న డల్హౌసీ కోటలోనే మరణించగానే మార్క్విస్ బిరుదు అంతరించింది. ఎర్ల్ బిరుదు జ్ఞాతి అయిన ఫాక్స్ మౌల్‌కు వెళ్లింది. కనుక 1860 తరువాతి పత్రాల్లో కనిపించే డల్హౌసీ ప్రభువు మూడో మనిషి. మీరు రాసేటప్పుడు పేరు పక్కన ‘గవర్నర్ జనరల్, 1848–1856’ అని చేర్చండి.