అత్యవసర శస్త్రచికిత్సలో పరిశోధన చేయదలచిన యువ సర్జన్‌కు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆపరేషన్లు చేస్తూనే బోధనలోనూ పరిశోధనలోనూ స్థిరపడాలని నీవు నిశ్చయించుకున్నందుకు చాలా సంతోషం. రాత్రి డ్యూటీలు చేసేవాడికి పరిశోధనకు తీరిక ఎక్కడిదని అడిగావు. తీరిక చిక్కాక మొదలుపెడదామనుకుంటే మన వృత్తిలో అది ఎన్నటికీ జరగదు కనుక, డ్యూటీలో రోజూ చేసే పనినే పరిశోధనకు ఆధారంగా మలచుకోవాలి. అందుకు నేను చెప్పే మొదటి పని, సమయాలను రాసి ఉంచడం.

పేగుకు చిల్లు పడి వచ్చిన రోగి కేసు షీటు ఏదైనా తీసి చూడు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆస్పత్రికి ఎన్ని గంటలకు చేరాడు, మొదటి యాంటీబయాటిక్ ఎప్పుడు ఇచ్చారు, ఆపరేషన్ చేయాలని ఎవరు ఎప్పుడు నిర్ణయించారు, కత్తి ఎప్పుడు పెట్టారు అన్న వాటిలో గడియారం చూసి రాసినవి చాలా తక్కువగా కనిపిస్తాయి. ఆ వివరాలను మర్నాడు అడిగితే ఎవరికీ సరిగా గుర్తుండవు. అంచనాగా నింపిన అంకెల మీద ఎంత గొప్ప గణాంక విశ్లేషణ చేసినా ప్రయోజనం లేదు.

2010లో వెలువడిన క్రాష్-2 అధ్యయనాన్ని శ్రద్ధగా చదువు. 40 దేశాల్లోని 274 ఆస్పత్రుల్లో 20,211 మంది క్షతగాత్రులపై జరిగిన ఆ అధ్యయనంలో, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఇచ్చినవారిలో మరణాలు 14.5 శాతం, ఇవ్వనివారిలో 16 శాతం. అంతకంటే విలువైన సంగతి మరుసటి ఏడాది తేలింది. గాయమైన 3 గంటల లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవారు తగ్గారు, 3 గంటలు దాటాక ఇస్తే పెరిగారు. గాయమై ఎన్ని గంటలైందో ప్రతి రోగి విషయంలోనూ నమోదు చేసి ఉంచినందువల్లనే, ఒకే మందు ఎప్పుడు మేలు చేస్తుందో, ఎప్పుడు కీడు చేయవచ్చో తెలిసింది. హడావిడిలో ఆ గడి నింపినవారికి మనమంతా రుణపడి ఉన్నాం.

ఇక రెండవది, రోగిని ఇంటికి పంపాక కూడా వదలకపోవడం. ఫిన్లండ్‌లో 530 మందితో జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, అపెండిసైటిస్‌కు ముందుగా యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చినవారిలో ఏడాదిలోపు 27 శాతం మందికి ఆపరేషన్ అవసరమైంది. వారిని విడవకుండా గమనిస్తూ వచ్చినందున, ఐదేళ్ళలో దాదాపు 39 శాతం మందికి వ్యాధి తిరగబెట్టిందని తెలిసింది. డిశ్చార్జి నాటి స్థితినే ఫలితంగా లెక్కవేసే పరిశోధన అసంపూర్ణమని నా గట్టి అభిప్రాయం. అందుచేత రోగి ఫోన్ నంబరుతో పాటు దగ్గరి బంధువుది కూడా తీసుకో. మళ్ళీ ఎప్పుడు, ఎందుకు ఫోన్ చేస్తావో ముందే వారికి చెప్పు.

అధ్యయనంలో చేరడానికి రోగి ఇచ్చే సమ్మతి విషయంలో చాలా జాగ్రత్తగా ఉండు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి పెట్టిన సంతకాన్ని ఆలోచించి పెట్టిన సంతకంగా భావించకూడదు. స్పృహ లేని రోగి తరఫున ఎవరిని అడగాలి, అతడు కోలుకున్నాక తిరిగి ఎలా అడగాలి అన్నది అధ్యయనం మొదలుకాక ముందే ఎథిక్స్ కమిటీతో తేల్చుకో. గణాంక నిపుణుడిని కూడా అప్పుడే కలుసుకో. సమాచారమంతా పోగయ్యాక వెళితే ఆయన చేయగలిగేది చాలా కొద్ది.

పరిశోధన పత్రాల సంఖ్య కోసం తొందరపడకు. పదోన్నతికి అవి అవసరమే, కాదనను. కానీ నీ చేతి నైపుణ్యం కుదురుకునే తొలి సంవత్సరాల్లో థియేటర్‌ను వదిలి రాతబల్ల దగ్గర కూర్చుంటే, అడగవలసిన ప్రశ్నలే నీకు తట్టవు. రాత్రిపూట నీతో పాటు మేలుకుని వివరాలు నింపి, అధ్యయనంలో నిజంగా పాలుపంచుకున్న పీజీ విద్యార్థుల పేర్లు రచయితల జాబితాలో తప్పక ఉండేలా చూడు.

వచ్చే డ్యూటీ నుంచే ఒక్క పేజీ ఫారంతో మొదలుపెట్టు. కొన్ని నెలల రికార్డు చేతికి వచ్చాక, రోగుల పేర్లు తీసేసి నాకు పంపు. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో, అందులో పరిశోధించదగిన ప్రశ్న ఏదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

శుభాకాంక్షలతో,
నీ గురువు