నాలుగు తీగల మనిషికి మీ ప్రశ్నలు

ఈసారి బేస్ గిటార్ గురించి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ‘ఏం కొనాలి’ అన్నవే. కొన్నిటికి ఒకే జవాబు సరిపోతుంది కాబట్టి కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, రెండేళ్లుగా నాలుగు తీగల ప్యాసివ్ బేస్ వాయిస్తున్నాను. ఇంట్లో బాగానే ఉంటుంది, బ్యాండ్‌తో వాయిస్తే మాత్రం నా సౌండ్ పల్చగా ఉందంటున్నారు. ఐదు తీగల యాక్టివ్ బేస్‌కి మారితే బరువు వస్తుందా?

జవాబు: వస్తుంది, భుజం మీదికి. సౌండ్ సంగతి వేరు. ఐదో తీగ వల్ల కింద ఇంకో ఐదు స్వరాలు దొరుకుతాయి, అంతే. ఓపెన్ ‘ఈ’ (E) తీగ, అంటే వేలు నొక్కకుండా మీటితే, సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ కింది ‘బి’ (B) తీగ 31 దగ్గర. మీ పాటల్లో ఆ స్వరాలతో పనుంటే తప్పకుండా తీసుకోండి. యాక్టివ్ అంటే లోపల మామూలుగా 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీయాంప్ (సౌండ్‌ని యాంప్‌కి చేరకముందే పెంచే సర్క్యూట్) ఉంటుంది, దానితో ‘లో’ (బరువైన కింది మోత), ‘హై’ (పదునైన పై మోత) పెంచుకోవచ్చు. ప్యాసివ్‌లో ఉన్న హైని టోన్ నాబ్‌తో తగ్గించడమే తప్ప పెంచడం ఉండదు. ఇది సౌకర్యమే, కాదనను. కానీ మీ జబ్బు వేరే చోట ఉందని నా అనుమానం.

ఇంట్లో ఒక్కరే వాయించుకునేటప్పుడు యాంప్ మీద ‘లో’, ‘హై’ బాగా పెంచి మిడ్ (ఆ రెంటి మధ్య మోత) తగ్గించి ఉంటారు, అవునా? ఒంటరిగా వింటే అది అద్భుతంగా ఉంటుంది. బ్యాండ్‌లోకి వెళ్లగానే మీ ‘లో’ని కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మింగేస్తుంది, హైని సింబల్స్ మింగేస్తాయి, మిడ్ మీరే తీసేశారు, ఇంక మిగిలిందేముంది? మిడ్ పెంచి చూడండి. ఒక్కరే వింటే ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది, ఉండనివ్వండి. ఆ తర్వాత కుడి చెయ్యి ఎక్కడ పడుతోందో గమనించండి. బ్రిడ్జ్ (తీగలు కింద బిగించి ఉన్న చోటు) దగ్గర మీటితే సన్నగా, బిగుతుగా పలుకుతుంది, నెక్ వైపు జరిగేకొద్దీ లావెక్కుతుంది. నాలుగు వేళ్ల మేర జరిగితేనే వేరే బేస్ అనిపిస్తుంది. ఎడమ వేలు ఫ్రెట్‌కి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీకి) సరిగ్గా వెనకే, దాన్ని ఆనుకున్నట్టు నొక్కుతున్నారో లేదో కూడా చూసుకోండి. ఇన్ని చేశాక కూడా పల్చగానే ఉంటే అప్పుడు కొనే సంగతి మాట్లాడుకుందాం. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మన వాద్యాలన్నిటికీ వర్తిస్తుంది, నా మీద నేనే చాలాసార్లు వేసుకున్నాను.

యాక్టివ్ కొంటే ఒక్క జాగ్రత్త. చాలా వాటిలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఒకసారి రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయడం మర్చిపోయాను, మర్నాడు స్టేజీ మీద మూడో పాటలో నా బేస్ బొంగురుపోయి, తర్వాత పూర్తిగా మాట పడిపోయింది. డ్రమ్మర్ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

ప్రశ్న: అన్నా, పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) వాయిస్తే అసలు బేసిస్టే కాదని మా గిటారిస్టు అంటున్నాడు. నిజమా?

జవాబు: మీ గిటారిస్టు చేతిలో ఏముందో ముందు అడుగు తమ్ముడూ! క్యారల్ కే గిటార్ వాయించే మనిషి. 1963లో లాస్ ఏంజిలస్‌లో ఒక రికార్డింగుకి బేసిస్టు రాకపోతే ఆవిడ బేస్ అందుకుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి పిక్‌తోనే లెక్కలేనన్ని రికార్డుల్లో వాయించింది. పిక్‌తో స్వరం మొదలు పదునుగా వస్తుంది, వేళ్లతో గుండ్రంగా వస్తుంది. పాట ఏది అడిగితే అది. నేను వేళ్ల మనిషినే, అయినా పిక్ జేబులో ఉంటుంది.

ప్రశ్న: స్ట్రింగ్స్ ఎన్నాళ్లకోసారి మార్చాలి?

జవాబు: మోటౌన్ అనే అమెరికన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. అది విని చాలామంది తుప్పు తీగలతో తిరుగుతుంటారు. ఆయన వేసుకున్నవి ఫ్లాట్‌వౌండ్, అంటే పైన చుట్టిన తీగ చదునుగా, నున్నగా ఉంటుంది. వాటికి మొదట్నుంచీ తళుకు తక్కువ, పాతబడ్డా ఆ మెత్తని సౌండ్ నిలుస్తుంది, ఇంకా బాగుపడుతుంది కూడా. మీ బేస్ మీద బహుశా రౌండ్‌వౌండ్ ఉంటాయి, వేలు జార్చితే గరగరమంటాయి చూడండి, అవే. వాటి సందుల్లో చెమట, మురికి చేరితే మెరుపు పోతుంది, ఇంకా పాతబడితే శ్రుతి కూడా సరిగ్గా నిలవదు. అందుకే నెలల లెక్క చెప్పను. 12వ ఫ్రెట్ దగ్గర స్వరం ట్యూనర్‌లో పక్కకి పోతుంటే, బేస్ సెటప్ (తీగల ఎత్తు, పొడవు సరిచేసి పెట్టడం) సరిగ్గానే ఉందనుకుంటే, మార్చే టైమ్ వచ్చినట్టే. వాయించాక పొడి గుడ్డతో తుడిస్తే ఆ టైమ్ ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: మేం రికార్డ్ చేసిన పాట ఫోన్‌లో వింటే నా బేస్ ఎక్కడా లేదు. హెడ్‌ఫోన్స్‌లో ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: ఫోన్ స్పీకర్ చిటికెన వేలు గోరంత ఉంటుంది, అది 41 హెర్ట్జ్ గాలిని కదిలించలేదు. కానీ మీరు మీటిన ‘ఈ’ (E) స్వరంలో 41 ఒక్కటే ఉండదు, 82, 123, 164 అంటూ పైపైన అనుస్వరాలు ఉంటాయి. పైవి గట్టిగా ఉంటే అసలు కింది స్వరం స్పీకర్‌లో రాకపోయినా చెవి దాన్ని ఊహించుకుని వినేస్తుంది. కాబట్టి ‘లో’ పెంచితే ఫోన్‌లో ఏ లాభం లేదు. కొద్దిగా డ్రైవ్ (సౌండ్‌ని గరగరమనిపించే ఎఫెక్ట్) కలపండి, ఒంటరిగా వింటే తెలిసీ తెలియనంత. ఆ పొగరు వల్లే బేస్ బయటికి వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. బేస్ నేర్చుకుంటానంటోంది. చేతులు చిన్నవి, బేస్ చూస్తే తనకన్నా పొడుగు. కొన్నేళ్లు గిటార్ నేర్పించి తర్వాత మార్చమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇష్టపడ్డది బేస్ అయితే బేసే ఇవ్వండి. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లు ఉంటాయి, ఫ్రెట్లు దగ్గరగా ఉంటాయి, తీగలు కూడా కాస్త మెత్తగా నొక్కుడుపడతాయి. పిల్లల బొమ్మ అనుకోకండి, పాల్ మెకార్ట్‌నీ వాయించే వయొలిన్ ఆకారపు హాఫ్నర్ అలాంటిదే. వెడల్పాటి స్ట్రాప్ వేయండి. మణికట్టు నొప్పి అంటే ఆ రోజుకి ఆపించేయండి, ఓర్చుకుని వాయించడం ఘనకార్యం కాదు.

ప్రశ్న: మీ మీద ప్రభావం చూపిన బేసిస్టులు ఎవరు? జాకో పేరు చెప్తారని తెలుసు.

జవాబు: చెప్తాను గానీ మీరనుకున్నట్టు కాదు. జాకో పాస్టోరియస్ 1976లో తన పేరుతో వచ్చిన ఆల్బమ్‌లో ఫ్రెట్లు లేని బేస్ మీద చేసింది విని నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఆ తర్వాత రెండేళ్లు నా వాయిద్యం పాడైపోయింది. ప్రతి ఖాళీలోనూ నాలుగు స్వరాలు దూర్చడం మొదలుపెట్టాను. ఆయన తప్పు కాదది. ఆయన ఎన్ని స్వరాలు వేసినా ఒక్కోటి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది, ఆ సంగతి నాకు వినపడలేదు, వేగం ఒక్కటే వినపడింది.

నన్ను మళ్లీ దారిలో పెట్టింది జేమర్సన్. కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే అంత పని చేశాడాయన, అంతకుముందు నిలువు బేస్ వాయించిన అలవాటు. ఆయన లైన్లు తిన్నగా నడవవు, పాడేవాళ్ల గొంతు కింద ఇంకో పాట నడుస్తున్నట్టుంటాయి, అయినా గొంతుకి అడ్డు రావు. ఒక్క పాట పట్టుకుని నెల రోజులు కూర్చున్నాను. స్వరాలు రెండు రోజుల్లో వచ్చాయి. మిగతా రోజులన్నీ ఆ స్వరాలు ఎంతసేపు మోగాలి, ఎడమ చేతిని ఎప్పుడు సడలించి మోతని ఆపేయాలి అన్నదానికే పోయాయి.

ల్యారీ గ్రాహం కథ కూడా నాకిష్టం. అమ్మతో కలిసి వాయించేటప్పుడు డ్రమ్మర్ లేడు, అందుకని బొటనవేలితో తీగని కొట్టి కిక్ డ్రమ్ పని, వేలితో లాగి స్నేర్ (పుల్లతో కొట్టే చిన్న డ్రమ్) పని చేశాడు. ఈరోజు మనం స్లాప్ అంటున్నది అదే. లోటు పూడ్చడానికి పుట్టిన పద్ధతి కదా, డ్రమ్మర్ పక్కనే ఉండగా పాటంతా స్లాప్ చేసేవాళ్లని చూస్తే అందుకే నాకు నవ్వొస్తుంది. (స్లాప్ గురించి విడిగా అడిగినవాళ్లకి కూడా ఇదే జవాబు. నేర్చుకోండి, తక్కువ వాడండి.)

ప్రశ్న: మెట్రోనోమ్‌తో (టిక్ టిక్ మంటూ లయ చెప్పే పరికరంతో) గంటలు గంటలు వాయిస్తున్నా, బ్యాండ్‌లో పరిగెడుతున్నానని తిడుతున్నారు.

జవాబు: మెట్రోనోమ్ ప్రతి బీటూ చెప్తుంటే మీరు దాని వేలు పట్టుకుని నడుస్తున్నారు. వేగం సగానికి తగ్గించి, ఆ టిక్కులు 2, 4 బీట్లు అనుకుని వాయించండి. 1 ఎక్కడుందో మీరే మోయాలి. మొదటిరోజు నరకం. అది కుదిరాక నాలుగు బీట్లకి ఒకే టిక్ పెట్టుకోండి, మీరు సరిగ్గా ఎక్కడ పరిగెడుతున్నారో తెలిసిపోతుంది. నేనైతే చరణం అయిపోయి పల్లవిలోకి వచ్చేటప్పుడు ప్రతిసారీ పరిగెత్తేవాణ్ని, ఇప్పటికీ అక్కడ ఊపిరి వదిలి మరీ వాయిస్తాను.