వాన నీరు ఎటు ఎంత పోతుందో లెక్కగట్టే మా మోడల్‌లో వాగు ప్రవాహం కొలతలతో సరిపోతోంది, నేల తేమ, భూగర్భజల మట్టం మాత్రం కలవడం లేదు. సెన్సర్లు ఎలా పెట్టి, ఆ డేటాను ఎలా వాడాలి?

వాగు ప్రవాహం ఒక్కదానితోనే కాలిబ్రేట్ చేస్తే, అంటే కొలతకు కలిసేలా మోడల్‌లోని విలువలను సరిదిద్దితే, ఇలా జరగడం మామూలే. నేల ఎక్కువ నీరు పట్టుకుని కిందికి తక్కువ వదులుతుందని పెట్టినా, దానికి తలకిందులుగా పెట్టినా వాగులోకి చేరే నీరు దాదాపు ఒకటే రావచ్చు. ఏది నిజమో తేల్చేది క్షేత్రంలోని కొలతే. అందుకే సెన్సర్ల సంఖ్య కన్నా వాటిని పాతే తీరు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

నేల తేమకు 10, 30, 60, 100 సెం.మీ. లోతులతో మొదలుపెట్టవచ్చు. గొయ్యి తవ్వి, కదలని గోడలోకి సెన్సర్ పుల్లలను అడ్డంగా గుచ్చాలి. గొయ్యి పూడ్చేటప్పుడు ఏ పొర మట్టి ఆ పొరలోనే వేసి గట్టిగా దిమ్మిస కొట్టాలి. కేబుల్‌ను సెన్సర్ కన్నా కిందికి దించి ఆ తర్వాతే పైకి తీసుకురండి, లేకపోతే వాన నీరు కేబుల్ వెంట జారి నేరుగా సెన్సర్ మీదికే వస్తుంది. ఈ సెన్సర్లు నిజానికి కొలిచేది డైఎలెక్ట్రిక్ స్థిరాంకాన్ని, అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్యను: నీటికి అది సుమారు 80, ఎండు మట్టికి 3 నుంచి 5, గాలికి 1. పుల్ల పక్కన కాస్త ఖాళీ మిగిలినా పొడిగా ఉన్నప్పుడు రీడింగ్ మరీ తక్కువ చూపిస్తుంది, వాన పడగానే ఆ ఖాళీ నిండి ఒక్కసారిగా పైకి లేస్తుంది.

బంకమట్టి, ఉప్పు నేలల్లో రీడింగ్‌ను తేమగా మార్చడానికి కంపెనీ ఇచ్చిన సమీకరణాన్ని నమ్మవద్దు. సెన్సర్ పక్కనే 100 ఘన సెం.మీ. కోర్ తీసి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచండి. 27 గ్రాములు తగ్గితే తేమ, అంటే మట్టి ఘనపరిమాణంలో నీటి వంతు, 0.27. తడిగా, మధ్యస్థంగా, ఎండిపోయి ఉన్నప్పుడు ఇలా చేస్తే మీ నేలకు సరిపడే సమీకరణం దొరుకుతుంది. కదిలిన మట్టి సర్దుకునే దాకా, అంటే కొన్ని మంచి వానలు పడేదాకా, ఆ డేటాను కాలిబ్రేషన్‌లో కలపకండి.

భూగర్భజలానికి, మోటారు నడిచే బోరు పనికిరాదు. విడిగా పరిశీలక బోరు వేసి, ఫిల్టర్ పైపు (నీరు లోపలికి వచ్చే చిల్లుల పైపు) ఒకే జలపొరలో ఉండేలా చూసి, దాని పైన బెంటోనైట్‌తో (తడిస్తే ఉబ్బే బంకమట్టి) మూసేయాలి. మట్టం కొలవడానికి బోరులో దించే ప్రెషర్ సెన్సర్ నీటితో పాటు గాలి పీడనాన్నీ కలిపి కొలిచే రకమైతే, గాలి పీడనానికి ఇంకో లాగర్ (రీడింగ్‌లు నమోదు చేసే పరికరం) తప్పనిసరి. 1 హెక్టోపాస్కల్ మార్పంటే సుమారు 1 సెం.మీ. నీరు, కాబట్టి వాయుగుండం వస్తే లేని మార్పు బాగానే కనిపిస్తుంది. వెళ్లిన ప్రతిసారీ కేసింగ్ మీద గుర్తు పెట్టిన చోటు నుంచి టేపుతో మట్టం కొలిచి రాసుకోండి. లాగర్‌కూ టేపుకూ తేడా మెల్లగా పెరుగుతుంటే సెన్సర్ డ్రిఫ్ట్ (రీడింగ్ క్రమంగా తప్పుతోంది), ఒక్కసారిగా మారితే కేబుల్ జారినట్టు. అప్పుడప్పుడు బోరులో కొంత నీరు పోసి చూడండి. మట్టం దిగిరాకపోతే ఫిల్టర్ పూడుకుపోయింది.

ఇక మోడల్. ప్రతి సెన్సర్ విలువను అది ప్రాతినిధ్యం వహించే మందంతో గుణించి నిల్వగా మార్చండి. 10 సెం.మీ. సెన్సర్‌కు 0 నుంచి 20 సెం.మీ. అనుకుంటే, 0.25 తేమంటే 50 మి.మీ. నీరు. ఒక్క చోటి కొలత మోడల్ లెక్క కోసం నేలను విడగొట్టిన గడి మొత్తానికి సగటు కాదు గనుక అసలు విలువలను బలవంతంగా కలపకండి. వాన తర్వాత ఎంత త్వరగా తడిసింది, ఎంత వేగంగా ఆరింది అన్నవే పోల్చండి.

బోరులో మట్టం 40 సెం.మీ. పెరిగి స్పెసిఫిక్ యీల్డ్ (జలపొర ఘనపరిమాణంలో బయటికి వదలగల నీటి వంతు) 0.05 అయితే రీఛార్జ్, అంటే భూగర్భజలంలో చేరిన నీరు, 20 మి.మీ. అయితే జోరువానలో నేలలోని గాలి చిక్కుకుని, లోతు తక్కువ బోర్లలో మట్టం నిమిషాల్లో ఎగిరి మళ్లీ పడిపోతుంది. దాన్ని రీఛార్జ్‌గా లెక్కేయకూడదు. మోడల్‌లో మట్టం సరైన సమయానికే పెరిగి ఎత్తు మాత్రం తప్పితే ముందు స్పెసిఫిక్ యీల్డ్‌ను, ఆలస్యంగా పెరిగితే నేల పొరల్లో నీరు దిగే వేగాన్ని సరిచూడండి. ఒక చోటి డేటానైనా కాలిబ్రేషన్‌కు ముట్టుకోకుండా అట్టేపెట్టి, మోడల్‌ను దానితోనే పరీక్షించండి.