అందరూ ‘నీ ఇష్టం’ అంటారు, తర్వాత నన్నే అంటారు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో మావారు, పదో తరగతి పూర్తయిన మా అమ్మాయి, 70 దాటిన అత్తగారు ఉంటారు. జూన్‌లో ఎనిమిది రాత్రులు బాలి వెళ్దామని టికెట్లు తీసుకున్నాం. ఎక్కడ ఉండాలో మాత్రం తేలడం లేదు. క్లబ్బులూ హడావుడీ ఉండే వైపు వద్దనుకున్నాక సనూర్, అమెద్ అనే రెండు ప్రశాంతమైన చోట్లు మిగిలాయి. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. ఆవిడకి సనూర్ సుఖమని చదివాను. మా అమ్మాయేమో సనూర్ ముసలివాళ్ల చోటు, అమెదే వెళ్దాం అంటోంది. మావారు ‘నాకు ఎక్కడైనా ఒకటే, నీ ఇష్టం’ అంటారు. అత్తగారు ‘నాదేముందమ్మా, మీరెక్కడుంటే అక్కడే’ అంటారు. కిందటి ప్రయాణంలోనూ ఇలాగే అన్నారు. తీరా వెళ్లాక లిఫ్ట్ లేదని, బీచ్ దూరమని, భోజనం కుదరలేదని ఉన్నన్ని రోజులూ నాకే చెప్పారు. ‘ముందే కనుక్కోవద్దా’ అని మావారు అందరి ముందూ అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఈత వచ్చు, నీళ్ల కింద చేపల్ని చూడాలని ఉంది కానీ అదేం పెద్ద విషయం కాదు లెండి. రెండు చోట్లా సగం సగం ఉందామా అంటే అత్తగారిని కారులో అంత దూరం తిప్పలేం. ఆవిడని వదిలి మేం వెళ్తే ఆడపడుచు ఏమంటుందోనని భయం. రోజూ అర్ధరాత్రి దాకా రివ్యూలు చదువుతున్నాను. బుకింగ్ అంటేనే టెన్షన్‌గా ఉంది. రెండింట్లో ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. ఇంటిల్లిపాదికీ మకాం సనూర్‌లో పెట్టండి. మధ్యలో రెండు రాత్రులు మీరూ మీ అమ్మాయీ అమెద్ వెళ్లి రండి. ఆ రెండు రోజులూ మీవారు వాళ్లమ్మగారి దగ్గర సనూర్‌లో ఉంటారు.

చివరి వాక్యం చదవగానే ‘అదెలా కుదురుతుంది’ అనుకుని ఉంటారు. ఉత్తరంలో మీరు రాసిన వివరాలనే ముందు పెట్టుకుని చూద్దాం.

మీ అత్తగారికి సనూర్ నిజంగానే సుఖం. ఒడ్డుకి కొంత దూరంలో పగడపు దిబ్బ ఉంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి కాబట్టి ఒడ్డు దగ్గర నీళ్లు చాలావరకు నిలకడగా ఉంటాయి. అంతకంటే ముఖ్యం, బీచ్ వెంబడి చదునుగా పరిచిన కాలిబాట అయిదు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. వాహనాల గొడవ లేకుండా, ఇసుకలో కాళ్లు కూరుకుపోకుండా, సముద్రం చూస్తూ ఓపిక ఉన్నంత దూరం నడిచి, దారిలో ఏ హోటల్ దగ్గరో కూర్చుని వెనక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి సముద్రం దగ్గర ఇంతకు మించి ఏం కావాలి? విమానాశ్రయం నుంచి ట్రాఫిక్‌ని బట్టి అరగంట నుంచి గంట ప్రయాణం. పెద్ద ఆస్పత్రులున్న దెన్‌పసార్ నగరం పక్కనే. జూన్ అక్కడ వానలు తగ్గి ఎండ కాసే కాలం, గాలి కూడా బాగా వీస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది లిఫ్ట్ సంగతి. 1966లో సనూర్‌లో పదంతస్తుల హోటల్ ఒకటి లేచాక, కొబ్బరి చెట్టు ఎత్తు దాటి ఏదీ కట్టకూడదని బాలిలో నియమం పెట్టారు. ఇప్పటి లెక్కలో అది 15 మీటర్లు. అందుకే ఆ ఊరు చూడ్డానికి అంత హాయిగా ఉంటుంది. అయితే హోటళ్లు పొట్టివి కావడంతో చాలా చోట్ల లిఫ్ట్ పెట్టరు. కింది అంతస్తు గది కావాలని బుకింగ్‌లో రాసి ఊరుకోకుండా హోటల్ నుంచి ఒప్పుకోలు తెప్పించుకోండి. రెండోది భోజనం. సోయాతో చేసే టోఫు, టెంపే, ఇంకా కూరగాయలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ సంబల్ అనే కారంలో, కొన్ని కూరల్లో, తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. మాంసం వద్దు, చేప వద్దు అని చెప్తే చాలదు, తెరాసి కూడా వద్దని పేరు పెట్టి చెప్పాలి.

మీ అమ్మాయి అన్నదీ తప్పు కాదు. సనూర్‌కి వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా వస్తారు, రాత్రి తొందరగా సద్దుమణుగుతుంది. పోటు తగ్గినప్పుడు నీళ్లు మోకాలి లోతుకి దిగిపోయి, ఈత మానేసి రాళ్లు చూసుకుంటూ నడవాల్సి వస్తుంది. పదిహేనేళ్ల పిల్లకి ఎనిమిది రోజులూ అదే అంటే విసుగే.

ఇక అమెద్. ద్వీపానికి ఈశాన్యపు మూల, సనూర్ నుంచి కారులో రెండున్నర గంటల పైమాటే. దాన్ని ఒక బీచ్ అనుకోకండి. జెమెలుక్, బునుతాన్, లిపా అంటూ వరసగా ఉన్న చేపలు పట్టేవాళ్ల పల్లెలన్నిటినీ కలిపి బయటివాళ్లు ఆ పేరుతో పిలుస్తున్నారు. ఇసుక నల్లటిది, అగ్నిపర్వతం నుంచి వచ్చింది. చాలా చోట్ల ఇసుక కంటే గులకరాళ్లే ఎక్కువ. రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది, నడిచేవాళ్లకి వేరే దారి ఉండదు. బస చేసే గదులు చాలావరకు కొండవాలు మీద, మెట్లెక్కి చేరాలి. మీ అత్తగారిని అక్కడికి తీసుకెళ్తే ఆవిడ గది గుమ్మంలోనే ఉండిపోతారు. అప్పుడు మీకూ బయటికి వెళ్లబుద్ధి కాదు.

అయితే మీకు మాత్రం ఆ చోటు దాదాపు రాసిపెట్టినట్టుంది. జెమెలుక్‌లో పడవ కూడా అక్కర్లేదు. ముఖానికి మాస్క్ పెట్టుకుని ఒడ్డు నుంచి కాసేపు ఈదితే పగడాలూ, గుంపులు గుంపులుగా చేపలూ. కొద్ది దూరంలో తులంబెన్ ఉంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి దెబ్బతీసిన లిబర్టీ అనే అమెరికన్ సరుకు ఓడని లాక్కొచ్చి ఆ ఒడ్డున వదిలేశారు. ఇరవై ఏళ్లు అలాగే పడి ఉంది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ఓడ జారి నీళ్లలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు అది పగడాలు పట్టి, ఒడ్డుకి అతి దగ్గర్లోనే ఉంది. పై భాగం లోతు తక్కువే కాబట్టి స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని లోతుకి దిగడం) లేకపోయినా నీళ్లు తేటగా ఉన్న రోజున పైనుంచి కనిపిస్తుంది.

ఇదంతా ఇంత వివరంగా ఎందుకు రాశానంటే మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మోకాళ్లు, భోజనం, విసుగు, ఆడపడుచు, అందరి సంగతీ వివరంగా రాశారు. మీ కోరిక ఒక్క ముక్కలో చెప్పి, ‘పెద్ద విషయం కాదు లెండి’ అని మీరే కొట్టేశారు. ఈ ప్రయాణంలో ఏదైనా కావాలని అడిగింది ఇద్దరే, మీ అమ్మాయీ మీరూ. కూతురు అడిగింది లెక్కలోకి వచ్చింది, మీరు అడిగింది మీ లెక్కలోనే లేదు. అర్ధరాత్రి దాకా రివ్యూలు చదవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. ఎవరూ వేలెత్తి చూపించలేని హోటల్ కోసం వెతుకుతున్నారు. అలాంటిది ఉండదు. ఒకరు ‘ఎంత ప్రశాంతమో’ అని రాసిన చోటునే ఇంకొకరు ‘చచ్చే విసుగు’ అని రాస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ఇప్పుడు ‘నీ ఇష్టం’ సంగతి. ఆ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది. నిర్ణయం మాత్రం ఒకరి నెత్తిన పడుతుంది, వంక పెట్టే హక్కు మిగతావాళ్ల దగ్గర ఉండిపోతుంది. మీ అత్తగారు అలా అనడంలో పితలాటకం ఏమీ ఉండకపోవచ్చు. నోరు తెరిచి కావలసింది అడగడం తప్పని నేర్చుకున్న తరం ఆవిడది. మీవారి గురించి ఒక్క ఉత్తరంతో తీర్పు చెప్పను. బహుశా ఇన్నేళ్లుగా మీరే అన్నీ చూసుకుంటుంటే ఆయనకి ఆ అవసరం రాలేదేమో. అందరి ముందూ అలా అనడం మాత్రం తప్పే. అది ఆయనకి తెలియాలి.

అత్తగారిని ‘ఎక్కడికి వెళ్దాం’ అని అడగొద్దు, దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. ఆగకుండా ఎంత దూరం నడవగలరు, ఎన్ని మెట్లు ఎక్కగలరు, కారులో ఎంతసేపు కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఏమైనా ఉండాలా, మధ్యాహ్నం ఎన్నింటికి నడుం వాల్చాలి... ఇవి అడిగితే జవాబులు వస్తాయి. అడిగేది మీవారైతే ఇంకా మంచిది. కోడలికి ‘బాగానే ఉంది’ అని చెప్పే చాలా నొప్పులు కొడుకు అడిగితే బయటపడతాయి.

మీవారితో మాట్లాడే ముందు గొంతులో ఫిర్యాదు లేని రోజు చూసుకోండి. ఇద్దరే ఉన్నప్పుడు ఇలా అనండి: “కిందటిసారి అందరి ముందూ మీరు అన్న మాట నాకింకా బాధగానే ఉంది. అందుకే ఈసారి పని పంచుకుందాం. సనూర్ హోటల్ మీరు చూడండి. కింది అంతస్తు గదులు, బీచ్ దారికి దగ్గర, అత్తయ్యకి కుదిరే బాత్రూమ్. ఈ ఆదివారం లోపు అయిపోవాలి. అమెద్ సంగతి నేను చూసుకుంటాను, నేనూ అమ్మాయీ రెండు రాత్రులు వెళ్తాం.” అంతే, పెంచకండి. మళ్లీ ‘నీ ఇష్టం’ అంటే, ‘నా ఇష్టం చెప్పాను కదా, మీరు చూడాలనే’ అని నవ్వి ఊరుకోండి. శనివారం సాయంత్రం దాకా ఆయన కదలకపోతే మీ చేతులు దురద పెడతాయి. ఆగండి. ఆయన తీసుకున్న గదిలో ఫ్యాన్ చప్పుడు చేసినా, కిటికీ ఎదురుగా గోడే ఉన్నా, ‘ముందే కనుక్కోవద్దా’ అనే మాట మీ నోట రాకూడదు. కష్టమే, తెలుసు.

మీ అమ్మాయికీ ఒక పని అప్పగించండి. ఇండోనేషియాలో దిగగానే తీసుకునే వీసాకి మనిషికి 5,00,000 రుపియా (మన రూపాయి కాదు, అక్కడి డబ్బు), బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 14 నుంచి వసూలు చేస్తున్న పర్యాటక రుసుము మనిషికి 1,50,000 రుపియా, పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు ఉందో లేదో చూడటం, ఈ లెక్కలన్నీ తనే చూడాలి. అమెద్ కావాలని గట్టిగా అడిగిన పిల్ల ఆ మాత్రం చేయగలదు.

అమెద్ రోజుల్ని ప్రయాణం మధ్యలో పెట్టమన్నది ఊరికే కాదు. స్కూబా చేస్తే, అందులోనూ ఒకటికి రెండుసార్లు దిగితే, విమానం ఎక్కడానికి ముందు కనీసం 18 గంటలు ఆగాలి. చివరి రోజుకి పెట్టుకుంటే ఆ కంగారు తప్పదు. మీ అమ్మాయి వయసుకి స్కూబా నేర్పుతారు, మైనరు కాబట్టి మీ సంతకం అడుగుతారు. ఇద్దరిలో ఎవరికైనా ఉబ్బసం, గుండె జబ్బు, చెవుల ఇబ్బంది ఉంటే ఇక్కడే డాక్టర్‌ని అడిగి వెళ్లండి. స్నార్కెలింగ్‌కి, అంటే మాస్క్ పెట్టుకుని పైపైన ఈదుతూ చూడటానికి, ఎవరూ ఒంటరిగా దిగొద్దు, ఈత ఎంత బాగా వచ్చినా సరే. గులకరాళ్ల కోసం నీటిలో వేసుకునే బూట్లు కొనుక్కోండి.

ఆ రెండు రాత్రులకి సనూర్‌లో ఒక గది ఖాళీగా ఉంటుంది కదా అని మీకు లెక్క తట్టే ఉంటుంది. దాన్ని రెండు ముక్కలుగా బుక్ చేసి డబ్బు మిగల్చవచ్చు. నన్నడిగితే వద్దు. సామాను సర్దడం, దాచిపెట్టడం, మళ్లీ గది మారడం అంతా తిరిగి మీ మీదే పడుతుంది. డబ్బు మరీ ఇబ్బంది అయితే మొత్తం ప్రయాణంలో షాపింగ్ తగ్గించుకోండి.

ఆడపడుచు గారి భయం ఒకటి మిగిలింది. తల్లి కొడుకు దగ్గర రెండు రోజులు ఉంటే దాన్ని వదిలేసి వెళ్లడం అనరు. ఆవిడ అడిగితే జవాబు చెప్పాల్సింది మీవారు. హోటల్ మాట మాట్లాడేటప్పుడే ఈ సంగతీ ఆయన చెవిన వేసి ఉంచండి. ఆవిడ మీకు నేరుగా ఫోన్ చేసినా, ‘మీ తమ్ముణ్ని అడగండి వదినా’ అని ఫోన్ ఆయనకే ఇవ్వండి.